ఇంగ్లండు పల్లెల్లో పూర్వీకుల జాడ: జనాభా లెక్కలు, పారిష్ రిజిస్టర్లు

ఇంగ్లండులో తాతముత్తాతల పేర్లు వెదుక్కుంటూ వెనక్కి వెళ్లేవారిలో చాలామంది నాలుగైదు తరాలు దాటేసరికి ఏదో ఒక పల్లెకు చేరతారు. 1851 జనాభా లెక్కల్లోనే అక్కడ పట్టణవాసుల సంఖ్య మొదటిసారి సగం దాటింది. అంతకు ముందు దేశంలో ఎక్కువమంది బతికింది పల్లెల్లోనే. ప్రభువుల, భూస్వాముల వంశవృక్షాలు ఎప్పుడో అచ్చయ్యాయి. వ్యవసాయ కూలీకి, గొర్రెల కాపరికి, ఊరి కమ్మరికి అలాంటి పుస్తకం లేదు. చాలామందికి సమాధి మీద రాయి కూడా లేదు, దానికి డబ్బు కావాలి కాబట్టి. అయినా ఓపిక ఉంటే ఇలాంటి కుటుంబాలను పదిహేడో శతాబ్దం దాకా, అదృష్టం బాగుంటే పదహారో శతాబ్దం దాకా పట్టుకోవచ్చు.

దీనికి ముఖ్యంగా రెండు రకాల కాగితాలు ఆధారం. 1841 నుంచి పదేళ్లకోసారి ఇంటింటా పేర్లు రాసుకున్న జనాభా లెక్కలు ఒకటి. 1538 నుంచి ప్రతి చర్చి తన పరిధిలోని బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసుకున్న పారిష్ రిజిస్టర్లు రెండోది. పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే ఊరు, దాని పొలాలు, చుట్టుపక్కల పల్లెలు. ఇంగ్లండులో ఇలాంటివి పదివేలకు పైగా ఉండేవి. ఈ కాగితాల్లో ఏ ఒక్కటీ మునిమనవల కోసం రాసింది కాదు. ఒకటి రాజ్యం తలలు లెక్కపెట్టుకోవడానికి రాసింది, ఒకటి చర్చి తన విధి నెరవేర్చినట్టు చూపడానికి రాసింది, వీటికి తోడయ్యే పేదల చట్టం కాగితాలు ఊరి పన్నుదారులు తమ జేబు కాపాడుకోవడానికి రాసినవి. రాయించినవాడికి ఏం కావాలో తెలిస్తే, రాసినవాడు ఏం రాశాడో, ఏం వదిలేశాడో తెలుస్తుంది. ఈ శోధనలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఆ సంగతి మరవడం వల్ల జరిగేవే.

జనాభా లెక్కలు

బ్రిటన్‌లో మొదటి జనాభా లెక్కలు 1801లో జరిగాయి. తొలి నాలుగు లెక్కలను నడిపినవాడు జాన్ రిక్‌మన్. అప్పుడు ప్రభుత్వానికి కావలసింది అంకెలు మాత్రమే: ఎన్ని ఇళ్లు, ఎందరు మగవారు, ఎందరు ఆడవారు, ఎందరు సేద్యం మీద బతుకుతున్నారు. కొన్ని ఊళ్లలో లెక్క రాసినవారు సొంత వీలు కోసం ఇంటి యజమానుల పేర్లు రాసుకున్నారు. అలాంటి చిట్టాలు అక్కడక్కడా మిగిలాయి. దేశమంతటా అందరి పేర్లూ దొరికేది మాత్రం 1841 జూన్ 6 నాటి లెక్కతోనే.

ఆ 1841 లెక్కను జాగ్రత్తగా చదవాలి. పదిహేనేళ్లు దాటినవారి వయసును అయిదు గుణకానికి తగ్గించి రాయమని ఇంటింటికీ తిరిగి లెక్క రాసే ఎన్యూమరేటర్లకు ఆదేశం ఉంది. కాబట్టి 35 అని ఉంటే అసలు వయసు 35 నుంచి 39 దాకా ఎంతైనా కావచ్చు. కొందరు ఆ ఆదేశం పట్టించుకోకుండా అసలు వయసే రాశారు. అందుచేత కాగితంలో మిగతా ఇళ్ల వయసులు కూడా చూసి, ఆ ఎన్యూమరేటర్ ఏ పద్ధతిలో వెళ్లాడో తేల్చుకోవాలి. ఒకే ఇంట్లో ఉన్నవారి మధ్య చుట్టరికం రాయలేదు. పెళ్లయిందో లేదో రాయలేదు. పుట్టిన ఊరి పేరు లేదు. ఇదే కౌంటీలో పుట్టారా అన్న ప్రశ్నకు అవును, కాదు అన్న జవాబు మాత్రం ఉంది. పైగా పెన్సిల్‌తో రాసిన పుటలు చాలా చోట్ల వెలిసిపోయాయి. ఒక ఇంట్లో 40 ఏళ్ల మగమనిషి, 40 ఏళ్ల ఆడమనిషి, నలుగురు పిల్లలు కనిపిస్తే భార్యాభర్తలు, బిడ్డలు అనుకోవడం సహజం. వాళ్లు అన్నాచెల్లెళ్లు, ఆ పిల్లలు చనిపోయిన మరో అన్న బిడ్డలు కావచ్చు.

1851 మార్చి 30 నాటి లెక్కతో పరిస్థితి మారింది. ఇంటి యజమానికి ఏమవుతారు, పెళ్లి సంగతి, సరైన వయసు, పుట్టిన కౌంటీ, పుట్టిన పారిష్ అన్నీ వచ్చాయి. పల్లె కుటుంబాన్ని వెదికేవారికి ఈ చివరి గడి ప్రాణం. జనాభా లెక్కల యుగం నుంచి చర్చి రిజిస్టర్ల యుగానికి దాటించే వంతెన అదే. 1790లో పుట్టి 1851 దాకా బతికిన ముసలావిడ ఒక్కరు దొరికితే, ఆమె చెప్పిన ఊరి పేరు పట్టుకుని ఆ చర్చి పుస్తకం దగ్గరకు నేరుగా వెళ్లవచ్చు. అందుకే అనుభవజ్ఞులు తమ సొంత పూర్వీకుడితో ఆగరు. అతని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వితంతువైన అత్తగారు, పొరుగింటి మేనమామ, అందరినీ అన్ని లెక్కల్లోనూ వెదుకుతారు.

ఊరి పేరు మాత్రం లెక్కకో రకంగా ఉంటుంది. 1851లో తన కుగ్రామం పేరు చెప్పినవాడు 1861లో దగ్గరి సంత పట్టణం పేరు చెబుతాడు, 1871లో తాను పెరిగిన ఊరు చెబుతాడు. పుట్టిన ఊరు చెబితే అక్కడికే తిప్పి పంపిస్తారేమోనన్న జంకు కూడా కొందరిలో ఉండేది. ఆ భయం ఎక్కడిదో కింద పేదల చట్టం దగ్గర తెలుస్తుంది. మూడు నాలుగు లెక్కలు పక్కపక్కన పెట్టుకోనిదే పుట్టిన ఊరు తేలదు. అలాగే 1841 నుంచి 1901 దాకా మనం చూసేది కుటుంబం నింపిన కాగితం కాదు. వాటిని చూసి ఎన్యూమరేటర్ తన పుస్తకంలోకి ఎక్కించిన నకలు మిగిలింది, అసలు కాగితాలు పోయాయి. ఇంట్లో చదువు రానప్పుడు ఆ కాగితం నింపిందీ అతనే. చెవికి వినబడినట్టు రాశాడు. మొదటి హకారాన్ని మింగేసే యాసలో హ్యారిస్ కుటుంబం ఆరిస్ కుటుంబంగా మారడం అక్కడ మామూలే.

వృత్తి గడిలో పల్లెలకు సంబంధించి ఒకే మాట పుటల కొద్దీ కనబడుతుంది: వ్యవసాయ కూలీ. 1841లో దాన్ని ఏజీ ల్యాబ్ అని కుదించి రాయమన్నారు. వంశశోధకుల మధ్య ఆ పొట్టిమాట ఇప్పటికీ వాడుకలో ఉంది. కానీ ఆ గడి ఆడవారి విషయంలో నమ్మదగినది కాదు. కలుపు తీసినా, రాళ్లు ఏరినా, కోతల తర్వాత పరిగె ఏరుకుని కుటుంబానికి శీతకాలపు పిండి సమకూర్చినా, పెళ్లయిన ఆడమనిషి ఎదుట ఆ గడి చాలాసార్లు ఖాళీ. బెడ్‌ఫర్డ్‌షైర్‌లో గడ్డిపోచల అల్లకం, బకింగ్‌హామ్‌షైర్‌లో లేసు అల్లకం వంటి ఇంటిపనులు కొన్ని చోట్ల నమోదయ్యాయి, అయిదారేళ్ల పిల్లల పేర్లతో సహా. పక్క ఎన్యూమరేటర్ అదే పని చేసే ఇళ్లను ఖాళీగా వదిలేశాడు. ఖాళీ గడిని చూసి ఆమె పని చేయలేదని రాయడం చరిత్రకారుడి తప్పవుతుంది.

1911 ఏప్రిల్ 2 నాటి లెక్క మరో మెట్టు. ఇంటి యజమాని స్వయంగా నింపిన కాగితమే నిలిచింది కాబట్టి ముత్తాత చేతిరాత చూడవచ్చు. పెళ్లయి ఎన్నేళ్లయింది, ఎందరు బిడ్డలు పుట్టారు, ఎందరు బతికున్నారు, ఎందరు పోయారు అనే ప్రశ్నలు అందులో ఉన్నాయి. లెక్కకూ లెక్కకూ నడుమ పుట్టి పోయిన పసివాళ్లు ఉన్నారని చెప్పేది తరచు ఈ ఒక్క కాగితమే. పేర్లు ఉన్న లెక్కలను నూరేళ్ల దాకా బయటపెట్టరు. 1921 జూన్ 19 నాటిది 2022 జనవరిలో విడుదలైంది. తర్వాత పెద్ద ఖాళీ ఉంది. ఇంగ్లండు, వేల్సుల 1931 కాగితాలు 1942 డిసెంబరులో మిడిల్‌సెక్స్‌లోని హేస్‌లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. 1941లో యుద్ధం వల్ల లెక్కే జరగలేదు. ఆ ఖాళీని కొంత పూడ్చేది గుర్తింపు కార్డుల కోసం 1939 సెప్టెంబరు 29న తయారైన జాతీయ రిజిస్టరు. అందులో పుట్టిన తేదీ కచ్చితంగా ఉంటుంది. తర్వాతి కాలంలోనూ దాన్ని వాడుతూ వచ్చారు కాబట్టి చాలామంది ఆడవారి పెళ్లి తర్వాతి ఇంటిపేరు కూడా దాని మీద చేర్చి ఉంటుంది.

పౌర నమోదు

1837 జూలై 1 నుంచి ఇంగ్లండు, వేల్సులలో జనన మరణాలను, వివాహాలను ప్రభుత్వమే నమోదు చేయడం మొదలుపెట్టింది. నమోదు జిల్లాల హద్దులు పేదల చట్టం కింద అప్పటికే ఏర్పడిన యూనియన్ల, అంటే పారిష్‌ల కూటముల, హద్దుల మీదే వేశారు. అందుకే ఒక పల్లెలో పుట్టిన బిడ్డ నమోదు వేరే కౌంటీ పట్టణం పేరున కనబడవచ్చు. తొలి దశాబ్దాల్లో కొన్ని జననాలు తప్పిపోయాయి. 1874 చట్టం తర్వాతే తల్లిదండ్రుల మీద బాధ్యత, ఆలస్యానికి జరిమానా గట్టిగా వచ్చాయి. ఈ నమోదులో వంశశోధకుడికి అన్నిటికన్నా విలువైనది వివాహ పత్రం. వధూవరుల తండ్రుల పేర్లు, వృత్తులు మొదటిసారి అందులోనే కనబడతాయి. తల్లుల పేర్లు చేరడానికి మాత్రం 2021 దాకా ఆగవలసి వచ్చింది.

పారిష్ రిజిస్టర్లు

ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1538 సెప్టెంబరులో ఆజ్ఞ ఇచ్చాడు. ప్రతి చర్చి ఒక పుస్తకం పెట్టుకుని, ప్రతి ఆదివారం చర్చి వార్డెన్ ఎదుట, ఆ వారం జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాయాలి. ఆ పుస్తకాన్ని రెండు తాళాల పెట్టెలో దాచాలి. ఇది కొత్త పన్నుకు ఎత్తుగడ అని జనం గుసగుసలాడారు. ఆ అనుమానం నిజం కావడానికి నూటయాభై ఏళ్లు పట్టింది. తర్వాతి ప్రభుత్వాలు నిజంగానే ఈ పద్దుల మీద పన్నులు వేశాయి.

1538 నుంచే మొదలయ్యే రిజిస్టర్లు తక్కువ. తొలి కాగితాలు పాడైపోతుంటే, 1598లో వాటిని తోలు కాగితం మీదకు ఎత్తి రాయమన్నారు. ముఖ్యంగా ఎలిజబెత్ రాణి పట్టానికి వచ్చిన 1558 నుంచి ఎత్తితే చాలన్నారు. చాలామంది గుమాస్తాలు ఆ వెసులుబాటు అందుకుని అంతకు ముందున్న ఇరవై ఏళ్లను వదిలేశారు. అందుకే ఎన్నో ఊళ్ల పుస్తకాలు 1558తో మొదలవుతాయి. అదే ఆజ్ఞ మరో మేలు చేసింది. ఏటా ఒక నకలు బిషప్‌కు పంపాలంది. అసలు పుస్తకం తడిసినా, ఎలుకలు కొట్టినా ఈ బిషప్ నకళ్లు ఆదుకుంటాయి. రెండూ ఉన్నచోట రెండూ చూడాలి. నకలు రాసేటప్పుడు ఊరి చర్చి పాస్టరైన వికార్ ఒక పేరు సరిదిద్దడమో, ఒక పద్దు మరవడమో, అసలులో లేని ముక్క చేర్చడమో తరచు జరిగేది.

పదిహేడో శతాబ్దం మధ్యలో అంతర్యుద్ధం వచ్చి ఈ గొలుసు తెగింది. 1642 నుంచి 1660 దాకా చాలా పుస్తకాల్లో పుటలే లేవు, లేదా చెదురుమదురుగా ఉన్నాయి. 1653లో పార్లమెంటు ఈ పనిని వికార్ చేతి నుంచి తీసి, ఊరు ఎన్నుకున్న రిజిస్ట్రారుకు ఇచ్చింది. పెళ్లిళ్లు మేజిస్ట్రేటు ఎదుట జరిగాయి. రాజరికం తిరిగి రాగానే అదంతా పోయింది. ఈ ఇరవై ఏళ్ల అగాధం దాటలేక ఆగిపోయిన వంశవృక్షాలు ఎన్నో.

తేదీలు ఇంకో చిక్కు. 1752 దాకా ఇంగ్లండులో సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఒక జంటకు 1710 జూన్‌లో పెళ్లి జరిగి, అదే 1710 ఫిబ్రవరిలో బిడ్డ బాప్తిస్మం కనబడితే, పెళ్లికి ముందే బిడ్డ పుట్టిందని కంగారు పడనక్కరలేదు. ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1711. లాటిన్ సంగతీ అంతే. 1733 దాకా కొందరు వికార్లు పద్దులు లాటిన్‌లో రాశారు. జేమ్స్ జాకొబస్‌గా, విలియం గులీల్మస్‌గా కనిపిస్తారు.

పల్లె శోధకుడికి రెండు చట్టాలు ముఖ్యం. 1753లో లార్డ్ హార్డ్‌విక్ తెచ్చిన వివాహ చట్టం 1754 మార్చి 25 నుంచి అమలయింది. క్వేకర్లు, యూదులు తప్ప అందరూ స్థానిక చర్చిలోనే, మూడు ఆదివారాలు ప్రకటన చదివించిగానీ లైసెన్సు తీసుకునిగానీ పెళ్లి చేసుకోవాలి. అచ్చు పుస్తకంలో ఇద్దరి ఊళ్లు, సాక్షుల పేర్లు ఉండాలి. వధూవరులు సంతకం చేయాలి, లేదా గుర్తు వేయాలి. పల్లెల్లో ఆ ఇంటూ గుర్తులే ఎక్కువ. సాక్షుల పేర్లను చాలామంది దాటేస్తారు. అది తొందరపాటు. పెళ్లి తర్వాత పెళ్లికి అదే పేరు వస్తుంటే అతను చర్చి గుమాస్తా. ఒక్కసారే వచ్చిన పేరు వధువు అక్కదో, బావదో కావచ్చు. పెళ్లి సాధారణంగా వధువు ఊళ్లో జరిగేది కాబట్టి, వరుడి ఊరి పుస్తకంలో కనబడకపోతే చుట్టుపక్కల చర్చిలన్నీ గాలించాలి. పల్లె మనుషులు కదలలేదన్నది అపోహ. కదిలారు, అయితే ఎక్కువమంది ఒక పూట నడక దూరంలోనే కదిలారు.

రెండోది జార్జ్ రోజ్ చట్టం. 1813 జనవరి 1 నుంచి బాప్తిస్మాలకు, ఖననాలకు వేర్వేరు అచ్చు పుస్తకాలు వచ్చాయి, పుటకు ఎనిమిది పద్దుల చొప్పున. బాప్తిస్మంలో తండ్రి వృత్తి, ఇల్లు ఉన్న చోటు చేరాయి. ఖననంలో వయసు చేరింది, తల్లిదండ్రుల పేర్లు చేరలేదు. అంతకు ముందటి పుస్తకాల్లో ఏం రాయాలన్నది వికార్ ఇష్టం. చాలామంది, ఫలానా వాడి కొడుకు జాన్, అని రాసి ఊరుకున్నారు. తల్లి పేరు కూడా లేదు. యార్క్‌లో విలియం డేడ్ అనే పాస్టరు మాత్రం 1770ల్లో దీనికి పూర్తిగా భిన్నమైన పద్ధతి ప్రచారం చేశాడు. బిడ్డ తల్లిదండ్రులే కాదు, ఇరువైపులా తాతలు, వారి ఊళ్లు, వృత్తులు కూడా ఒకే పద్దులో. యార్క్‌షైర్‌లో పూర్వీకులున్న శోధకుడికి ఈ డేడ్ రిజిస్టర్లు తగిలితే మూడు తరాలు ఒకే వరుసలో దొరుకుతాయి. డర్హమ్ బిషప్ బారింగ్టన్ కూడా 1798 నుంచి ఇలాంటి వివరమైన పద్ధతి పెట్టాడు. 1812తో రెండూ ఆగిపోయాయి. అందరికీ ఒకే అచ్చు పుస్తకం ఇచ్చిన చట్టం, మంచి గుమాస్తాను కూడా సగటు గుమాస్తా స్థాయికి తెచ్చింది.

పన్నులు కూడా ఈ పుస్తకాల మీద మచ్చ వేశాయి. 1783 నుంచి 1794 దాకా ప్రతి పద్దుకూ మూడు పెన్నీల సుంకం ఉండేది. పేదలకు మినహాయింపు. ఆ సుంకం మొదలయ్యే ముందు రోజుల్లో పిల్లలను గుంపుగా తెచ్చి బాప్తిస్మం ఇప్పించిన ఊళ్లున్నాయి. సుంకం ఉన్నన్నాళ్లు ఆలస్యం చేసి, తర్వాత ముగ్గురు నలుగురికి ఒకేసారి ఇప్పించిన కుటుంబాలున్నాయి. కాబట్టి బాప్తిస్మం తేదీని పుట్టిన తేదీ అనుకోకూడదు. పదిహేడో శతాబ్దం చివర కొన్ని పుస్తకాల్లో ఖననం పక్కన ప్రమాణ పత్రం అందింది అన్న ముక్క కనిపిస్తుంది. శవానికి ఉన్ని బట్టే చుట్టాలని, లేకపోతే అయిదు పౌండ్ల జరిమానా అని ఉన్ని వ్యాపారాన్ని కాపాడటానికి చేసిన చట్టం ఆనవాలు అది.

ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరు ఉండటం ఈ శోధనలో అన్నిటికన్నా పెద్ద ఉచ్చు. జాన్, విలియం, థామస్, మేరీ, ఎలిజబెత్, ఆన్, ఈ కొద్ది పేర్లతోనే పల్లెలు గడిపాయి. పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకు పెట్టడం ఆనవాయితీ. అందువల్ల సరైన ఊళ్లో, సరైన ఏడాదిలో, సరైన పేరుతో బాప్తిస్మం దొరికితే పని అయిపోయినట్టు కాదు. ఆ బిడ్డ పసితనంలోనే ఖననమైందేమో చూడాలి. రెండేళ్లకే పోయిన బిడ్డను తమ ముత్తాతగా నిలబెట్టిన వంశవృక్షాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి.

హెల్ప్‌స్టన్ క్లేర్ కుటుంబం

పల్లె కూలీల కుటుంబం కాగితాల్లో ఎలా కనిపిస్తుందో చూడటానికి కవి జాన్ క్లేర్ కుటుంబం చక్కని ఉదాహరణ. అతను 1793 జూలై 13న హెల్ప్‌స్టన్ గ్రామంలో పుట్టాడు. తండ్రి పార్కర్ క్లేర్ పొలం కూలీ, తల్లి ఆన్ స్టిమ్‌సన్ కాస్టర్ గ్రామానికి చెందిన గొర్రెల కాపరి కూతురు. పార్కర్ అన్నది ఒక పల్లె కూలీకి మొదటి పేరుగా రావడం వింత. కారణం ఉంది. ఊరి చర్చి గుమాస్తా కూతురు ఆలిస్ క్లేర్‌కు, ఊరికి వచ్చి కొన్నాళ్లు బడి చెప్పి వెళ్లిపోయిన జాన్ డొనాల్డ్ పార్కర్ అనే స్కాట్లండ్ మాస్టరుకు పెళ్లి లేకుండా పుట్టినవాడు అతను. తల్లి ఇంటిపేరు బిడ్డకు ఇంటిపేరైంది, తండ్రి ఇంటిపేరు మొదటి పేరైంది. ఇంగ్లండు పల్లెల్లో ఇది అరుదు కాదు. ఇంటిపేరులా వినిపించే మొదటి పేరు కనబడితే శోధకుడు అక్కడ ఆగి, తల్లి పుట్టింటి పేరో, రాయని తండ్రి పేరో అయి ఉంటుందా అని చూడాలి.

జాన్ క్లేర్ 1820 మార్చి 16న రట్లండ్‌లోని గ్రేట్ కాస్టర్టన్‌లో మార్తా టర్నర్‌ను పెళ్లి చేసుకున్నాడు. వేరే కౌంటీ, వేరే పారిష్. మొదటి బిడ్డ జూన్ నెలలోనే పుట్టింది. పెళ్లి, తొలి బాప్తిస్మం మధ్య ఇంత తక్కువ వ్యవధి ఆ కాలపు పల్లె రిజిస్టర్లలో మామూలు విషయం. దాని మీద నీతి పాఠం చెప్పడం కంటే, బిడ్డ తేదీ నుంచి తొమ్మిది నెలలు వెనక్కి లెక్కేసి పెళ్లి వెదకడం పనికిరాదని గుర్తుంచుకోవడం మంచిది.

జనాభా లెక్కల్లో చూస్తే మరో సంగతి బయటపడుతుంది. 1841 జూన్‌లో క్లేర్ ఎసెక్స్‌లోని హై బీచ్ మానసిక చికిత్సాలయంలో ఉన్నాడు. తర్వాతి నెల అక్కడి నుంచి బయటపడి, నార్త్‌బరోలోని ఇంటికి కాలినడకన చేరాడు. ఆ ఏడాది చివరి నుంచి 1864లో చనిపోయే దాకా నార్తాంప్టన్ ఆస్పత్రిలోనే ఉన్నాడు. అంటే భార్య జీవించిన ఇంట్లో 1841, 1851, 1861 లెక్కల్లో దేనిలోనూ అతను లేడు. అతను ఎవరో తెలియని శోధకుడు ఆ మూడూ చూసి, భర్త 1841కి ముందే పోయాడనుకునేవాడు. ఇలాంటి సంస్థల పట్టీల్లో రోగుల పేర్లు బదులు పొడి అక్షరాలు మాత్రమే రాసిన చోట్లు కూడా ఉన్నాయి. హెల్ప్‌స్టన్ అప్పట్లో నార్తాంప్టన్‌షైర్ కిందిది, ఇప్పుడు కేంబ్రిడ్జ్‌షైర్‌లో ఉంది. కాబట్టి ఏ రికార్డు ఆఫీసుకు వెళ్లాలన్నది ఇప్పటి పటం చూసి తేల్చుకోకూడదు.

పేదల చట్టం కాగితాలు

కూలీ బతుకు గురించి అన్నిటికన్నా వివరంగా రాసినవి రిజిస్టర్లూ కావు, జనాభా లెక్కలూ కావు. అతను పేదవాడై ఊరి మీద పడతాడేమోనన్న భయంతో రాసినవి. బాగా బతికిన కూలీ మూడు పద్దులతో సరి. కష్టాల్లో పడ్డవాడి జీవితచరిత్ర ఒక పుట నిండా ఉంటుంది.

ప్రతి పారిష్ తన పేదలను తానే పోషించాలి, దానికి ఊరి ఆస్తిపరులు పన్ను కట్టాలి. 1662 చట్టంతో ఎవరు ఏ ఊరి పేద అన్నది న్యాయ సమస్య అయింది. పెళ్లయిన తల్లిదండ్రుల బిడ్డకు తండ్రి ఊరి హక్కు వచ్చేది, భార్యకు భర్త ఊరి హక్కు. పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకు సాధారణంగా పుట్టిన ఊరే హక్కు. పెళ్లికాని యువకుడు ఒక రైతు దగ్గర పూర్తి ఏడాది పాలేరుగా చేస్తే ఆ ఊరి హక్కు సంపాదించేవాడు. వృత్తి నేర్చుకోవడానికి చేరినా, ఏటా పది పౌండ్ల కౌలు ఇంట్లో ఉన్నా హక్కు వచ్చేది. ఫలితం ఊహించుకోవచ్చు. ఏడాదికి కొన్ని రోజులు తక్కువగా పాలేర్లను కుదుర్చుకునే రైతులు తయారయ్యారు. పెళ్లికాని గర్భిణిని ప్రసవానికి ముందే ఊరి హద్దు దాటించే పేదల పర్యవేక్షకులు తయారయ్యారు, ఆ బిడ్డ తమ లెక్కలోకి రాకూడదని.

దీన్నంతటినీ నడిపిన కాగితాలు మూడు రకాలు. ఈ మనిషి మా ఊరి వాడే, అవసరమైతే మేమే తీసుకుపోతామని ఒక ఊరు మరో ఊరికి రాసిచ్చే ధ్రువపత్రం. ఇద్దరు మేజిస్ట్రేట్ల ఎదుట ఆ మనిషి ఇచ్చిన వాంగ్మూలం. ఆఖరున, కుటుంబాన్ని సొంత ఊరికి తరలించమనే ఉత్తర్వు, అందులో భార్య పేరు, పిల్లల పేర్లు, వయసులు. వీటిలో వాంగ్మూలం బంగారం. ఎక్కడ పుట్టాడు, ఎన్నేళ్లకు పనిలో చేరాడు, ఏ సంతలో ఏ రైతు కుదుర్చుకున్నాడు, ఏడాదికి ఎంత జీతం, ఎప్పుడు ఎక్కడ పెళ్లాడాడు, అన్నీ అతని నోటి మాటగా గుమాస్తా రాసుకున్నాడు. పెళ్లికాని తల్లి ప్రమాణం చేసి తండ్రి పేరు చెప్పిన కాగితాలు, ఆ తండ్రి బిడ్డ ఖర్చు భరిస్తానని రాసిచ్చిన బాండ్లు కూడా ఇదే కట్టలో ఉంటాయి. రిజిస్టర్లో తండ్రి గడి ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లవలసింది ఇక్కడికే.

1834 కొత్త చట్టం పారిష్‌లను యూనియన్లుగా కలిపి వర్క్‌హౌస్‌లు కట్టించింది. అక్కడ చేరినవారి పుస్తకాలు కొన్ని నిలిచాయి, చాలా పోయాయి.

చర్చికి బయట, భూమి మీద

అందరూ ఇంగ్లండు చర్చి మనుషులు కారు. క్వేకర్లు, బాప్టిస్టులు, ఇండిపెండెంట్లు, మెథడిస్టులు తమ పుస్తకాలు తాము పెట్టుకున్నారు. పౌర నమోదు వచ్చాక వాటిలో చాలా వాటిని 1837 తర్వాత ప్రభుత్వం సేకరించింది, అవి ఇప్పుడు లండన్‌లో క్యూ ప్రాంతంలోని జాతీయ దస్తావేజుల కేంద్రంలో ఉన్నాయి. 1754 నుంచి 1837 దాకా ఈ బాప్టిస్టులు, మెథడిస్టులు కూడా పెళ్లికి మాత్రం ఊరి చర్చికే రావలసి వచ్చింది. పెళ్లి దొరికి పిల్లల బాప్తిస్మాలు ఒక్కటీ దొరకని కుటుంబం కనబడితే మొదట అనుమానించవలసింది ఇదే.

కూలీకి సొంత భూమి లేకపోయినా అతని గుడిసె భూమి పటం మీద ఉంది. చర్చికి ఇచ్చే దశమభాగాన్ని పంటకు బదులు నగదుగా మార్చిన 1836 చట్టం కింద, చాలా ఊళ్లకు పెద్ద పటాలు గీసి, ప్రతి ముక్కకూ అంకె వేసి, యజమాని ఎవరు, అందులో ఉంటున్నది ఎవరు అని రాశారు. జనాభా లెక్కల్లో పల్లె ఇళ్లకు నంబర్లు లేవు. 1841 పట్టీని ఈ పటం పక్కన పెడితే ఫలానా కుటుంబం ఏ మలుపు దగ్గర ఉండేదో వేలు పెట్టి చూపవచ్చు. వీలునామాలు 1858 జనవరి దాకా చర్చి కోర్టుల్లో నమోదయ్యేవి. కూలీలు వీలునామా రాయడం అరుదే, కానీ పిల్లలు లేని మేనత్త ఒకామె రాసిన వీలునామాలో మేనల్లుళ్లందరి పేర్లూ ఉండవచ్చు. డెవన్ వారికి ఆ అదృష్టం తక్కువ. ఎక్సిటర్‌లో ఉన్న వీలునామాల సంచయం 1942 బాంబుదాడిలో నాశనమైంది.

సూచికలు, సాయపడ్డ చేతులు

1978 నాటి చర్చి చట్టం తర్వాత పాత రిజిస్టర్లలో చాలా భాగం చర్చిల నుంచి కౌంటీ రికార్డు ఆఫీసులకు చేరింది. ఇవాళ వాటి చిత్రాలు, సూచికలు ఇంట్లో కూర్చుని చూసే వీలుంది. దీని వెనుక మోర్మన్ చర్చి దశాబ్దాల మైక్రోఫిల్మ్ పని, స్థానిక కుటుంబ చరిత్ర సంఘాల స్వచ్ఛంద శ్రమ ఉన్నాయి. 1881 జనాభా లెక్కలను పూర్తిగా ఎత్తి రాసింది ఈ ఇరుపక్షాలే. విద్వాంసులకూ ఇలాంటి చేతులే సాయపడ్డాయి. కేంబ్రిడ్జ్‌లో పీటర్ లాస్లెట్, టోనీ రిగ్లీ 1964లో నెలకొల్పిన జనాభా చరిత్ర బృందం కోసం ఊరూరా స్వచ్ఛంద శోధకులు రిజిస్టర్లు లెక్కగట్టారు. వాటిలో 404 పారిష్‌ల లెక్కల మీదే 1541 నుంచి 1871 దాకా ఇంగ్లండు జనాభా చరిత్ర కట్టారు. సూచిక దారి చూపుతుందంతే. అసలు పుటలో అంచున రాసిన ముక్క, పక్క పద్దులో ఉన్న పొరుగువాడి పేరు సూచికలో ఉండవు.

మద్రాసు దాకా వెళ్లిన దారి

పల్లె చర్చిలో బాప్తిస్మం ఉండి, తర్వాత పెళ్లిగానీ ఖననంగానీ ఏ జనాభా లెక్కగానీ దొరకని కుర్రాళ్లున్నారు. పట్నానికో, నౌకాదళానికో, ఆస్ట్రేలియాకో పోయి ఉండవచ్చు. కొందరు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మచిలీపట్నం, సికింద్రాబాదు కంటోన్మెంటు దాకా వచ్చారు. వారి అధికారుల, కంపెనీ కొలువులో పాస్టర్లైన చాప్లిన్ల పుట్టుపూర్వోత్తరాలు తేలికగా దొరుకుతాయి. తెలుగు నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ తండ్రి డేవిడ్ బ్రౌన్ యార్క్‌షైర్‌లో పుట్టి కలకత్తాలో చాప్లిన్‌గా పనిచేశాడన్నది తెలిసిన విషయమే. మామూలు సైనికుడి సంగతి అలా కాదు. అతని కోసం మద్రాసు ప్రెసిడెన్సీ చాప్లిన్లు తమ రిజిస్టర్ల నుంచి లండన్‌కు పంపిన నకళ్లు చూడాలి. అవి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు దస్తావేజుల్లో ఎన్/2 అనే వరుసలో ఉన్నాయి. గుంతకల్లు, కాజీపేట వంటి రైల్వే ఊళ్ల ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు తమ ఇంగ్లండు మూలం వెదుక్కునేటప్పుడు ఇటు నుంచి అటు వెళ్లేది కూడా ఈ వరుస గుండానే. ఆ ఖననం పద్దుల్లో సాధారణంగా పేరు, వయసు, పటాలం, హోదా ఉంటాయి, సొంత ఊరు ఉండదు. ఊరి కోసం కంపెనీ కొత్త సైనికులను ఓడ ఎక్కించేటప్పుడు రాసిన పట్టీలు తిరగేయాలి. వాటిలో పుట్టిన పారిష్, కౌంటీ, సైన్యంలో చేరక ముందు చేసిన పని రాసి ఉంటాయి. పల్లె కుర్రాళ్లకు ఆ ఆఖరి గడిలో చాలాసార్లు కనబడేది కూలీ అనే.